దర్వాజా ముందు మొదటి పాట

మా ముత్తాత మా ఊరికి మాలీ పటేల్. శిస్తు వసూలు ఆయన చేతి మీదుగా జరిగేది. ఆయన తండ్రీ అదే పని చేశాడు; ఆ కాలంలో మా ఊరితోపాటు పక్క ఊళ్ళ వ్యవహారాలు కూడా మా అరుగు మీదే తేలేవని చెప్పేవారు. మా తాత పటేల్‌గిరీ చేస్తూనే పంచాయితీలు తీర్చిన పెద్దమనిషి. చేవెళ్ల నుంచి తహసీల్దారు వచ్చినా, నగరం నుంచి అంతకంటే పెద్ద అధికారి వచ్చినా బస మా ఇంట్లోనే. మా బాపు కాలానికి ఆ ఉద్యోగం రద్దయింది, పిలుపు మిగిలింది. పోయేదాకా ఆయనను ఊరంతా పటేలా అనే పిలిచింది. నన్ను కూడా పెద్దవాళ్ళు కొందరు ఇప్పటికీ అట్లాగే పిలుస్తారు. నేను పలుకుతాను.

ఈ మాటలు ఒక పుస్తకం మొదటి పుట కోసం రాసినవి. గొప్ప చెప్పుకోవడానికి రాశానని అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. కానీ ఆ పుటలో ఇట్లాంటివి రాయాలన్న నియమం నేను పెట్టింది కాదు. అది ఆ గ్రంథమాల నియమం.

ఆ గ్రంథమాలలో వచ్చే పుస్తకాలు చరిత్ర గురించి కావు, చరిత్రను ఎట్లా రాస్తారన్న దాని గురించి. హైదరాబాదులో ఒక చిన్న ప్రచురణ సంస్థ దాన్ని తెస్తోంది. ఒక్కో సంపుటంలో ఒక్కటే ప్రశ్న. దస్తావేజు అబద్ధం చెప్పగలదా అని ఒకటి. కళ్ళతో చూసినవాడి మాటను ఎంతవరకు నమ్మాలి అని ఇంకొకటి. ఎవరూ రాసిపెట్టని సంగతిని చరిత్రకారుడు ఏం చేసుకోవాలి అని మరొకటి. అన్నీ సన్నటి పుస్తకాలు. ఒకే కొలత, ఒకే బూడిద రంగు అట్ట, అట్ట మధ్యలో ఒక ఫోటో. పరిశోధన చేసే విద్యార్థులు, నాలాంటి అధ్యాపకులు తప్ప వాటిని కొనేవాళ్ళు ఉండరు. గ్రంథాలయాల్లో మాత్రం వరుసగా నిలబెట్టి ఉంటాయి, చూడటానికి బాగుంటాయి.

ప్రతి రచయితా మొదటి పుటలో తాను ఎవరి బిడ్డో, ఏ ఇంట్లో పెరిగాడో, తాను రాస్తున్న విషయంతో తనవాళ్ళకు ఏం సంబంధం ఉందో చెప్పుకోవాలి. రాసేవాడు ఎక్కడో ఒకచోట నిలబడే రాస్తాడు కనుక ఆ చోటేదో చదివేవాళ్ళకు ముందే తెలియాలన్నది సంపాదకురాలి పట్టుదల. చాలామంది ఆ పుటను మొహమాటంగా రాస్తారు. తండ్రి రైల్వే గుమాస్తా అని చెప్పి ఒకాయన రెండు వాక్యాల్లో బయటపడ్డాడు. నాకు మొహమాటం కలగలేదు. కూర్చున్న చోటే రాసేశాను.

నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ చేవెళ్లలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పాను. శంకర్‌పల్లి, మోకిల వైపు నుంచి కూడా పిల్లలు వచ్చేవారు. పాఠ్యపుస్తకంలో ఉన్న రాజుల మీద వాళ్ళకు ఆసక్తి ఉండేది కాదు, నిజం చెప్పాలంటే నాకూ అంతగా ఉండేది కాదు. అందుకని ఒక పని చెప్పేవాణ్ణి. మీ ఇంట్లో ఒక ఆనవాయితీ రాసుకురండి, దానికి కారణమేమిటో ఇంట్లో అందరినీ విడివిడిగా అడిగి రాయండి. ఒక అమ్మాయి వాళ్ళింటి టమాట తోట గురించి రాసింది. మొదటి కోతలో మొదటి గంపను మార్కెట్లో తూకం వేయనివ్వరట, ఊరికే ఇచ్చి వస్తారట. ఎందుకని అడిగితే నాయనమ్మ గ్రామదేవత కోసమంది. తండ్రి, మార్కెట్లో సరుకు అమ్మిపెట్టే అడితిదారుతో మంచిగా ఉండటానికన్నాడు. బాబాయి, అసలు అట్లాంటి పద్ధతే లేదు, తాత ఒకసారి మరిచిపోయి చేసిన పనిని అందరూ పట్టుకున్నారన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. పని ఒక్కటే, అది మారలేదు. కారణం మాత్రం మనిషికొకటి అయింది, రాసుకోండి అన్నాను.

ఈ సంగతే హైదరాబాదులో ఒక సదస్సులో చెప్పాను. గ్రంథమాల సంపాదకురాలు వెనక వరసలో కూర్చుని విన్నదట. ఆమె గోదావరి వైపు మనిషి, విశ్వవిద్యాలయంలో చాలాకాలం చరిత్ర చెప్పి రిటైరయింది. భోజనాల దగ్గర నా పక్కకు వచ్చి, ఆనవాయితీ సాక్ష్యమవుతుందా అన్న ప్రశ్న మీద ఒక సంపుటం రాసి ఇమ్మన్నది. ఆలోచించుకుని చెప్తానన్నాను గానీ అప్పటికే ఒప్పుకున్నాను.

ఎందుకు ఒప్పుకున్నానో దాచను. మాకిప్పుడు చెప్పుకోదగ్గ భూమి లేదు. మా చెలకల్లో కొన్నిటిలో ఫాంహౌసులు లేచాయి, మిగతావాటిలో వెంచర్ల హద్దురాళ్ళు పాతారు. ఇంటి వెనక భాగం ఒక వానాకాలం కూలిపోయింది. ముందు రెండు గదుల్లో నేను ఉంటున్నాను. నా భార్య పోయింది, పిల్లలు లేరు. తమ్ముడు మొయినాబాద్‌లో ఫ్లాట్ కొనుక్కున్నాడు. చెక్కుచెదరకుండా నిలిచింది దర్వాజా ఒక్కటే. టేకు తలుపులు, వాటి మీద గుండ్రంగా పొడుచుకొచ్చిన ఇత్తడి బొడ్డులు, గుర్రం మీద ఉన్న మనిషి తల వంచకుండా లోపలికి వచ్చేంత ఎత్తు. నేను పోయాక మా ఇంటి గురించి మంచిమాట చెప్పేవాళ్ళు ఉండరు. ఆ బూడిద రంగు వరుసలో ఒక పుస్తకం మీద మా దర్వాజా బొమ్మ, లోపల మా ఇంటి మాట ఉంటే చాలనుకున్నాను.

అందుకే మూడో అధ్యాయానికి ఉదాహరణగా మా దర్వాజా ముందు జరిగేదాన్నే తీసుకున్నాను.

మా ఊళ్ళో ప్రొటెస్టెంట్ క్రైస్తవుల ఇళ్ళు చాలా ఉన్నాయి. మా ముత్తాత కాలం నాటికే వాళ్ళు ఆ మతంలో ఉన్నారు. క్రిస్మస్ ముందురోజు దీపాలు పెట్టే వేళకు వాళ్ళు పాటలు పాడుకుంటూ ఊరేగింపుగా బయలుదేరుతారు. ఊరంతా తిరుగుతారు. కానీ మొదటి పాట మా దర్వాజా ముందే. నా చిన్నప్పటి నుంచి అది తప్పడం చూడలేదు. వాళ్ళు వచ్చేముందు బాపు తలుపులు మూయించేవాడు. మేమంతా లోపల నిలబడేవాళ్ళం. బయట కంజీర, తాళాలు, పాట. పాట పూర్తయ్యాక బాపు తల ఊపితే తలుపులు తీసేవారు. మా అవ్వ, అంటే మా అమ్మ, చాట నిండా జొన్న పేలాలు, బెల్లం ముక్కలు పట్టుకుని ముందు నడిచేది. బాపు ఆమె వెనక గడప లోపలే నిలబడేవాడు. వాళ్ళు పేలాలు తీసుకుని బజారులోకి సాగిపోయేవారు. అంతే.

మా ఇంట్లో దానికి కారణం ఒక్కటే చెప్పేవారు. వాళ్ళ చర్చికి జాగా మా ముత్తాత ఇచ్చాడు, ఆ మేలు మరవక ప్రతి ఏడూ ముందుగా మన గడప దగ్గరికి వస్తారు. బాపు అట్లాగే చెప్పాడు, తాత అట్లాగే చెప్పాడు, మా మేనత్త కూడా అట్లాగే చెప్పింది. నేను అట్లాగే రాశాను. దానం చేసిన పత్రం ఏదీ దొరకదని, ఆనవాయితీయే ఆ దానానికి సాక్ష్యమని వాదించాను. మంచి అధ్యాయమే అనుకున్నాను.

ఆ గ్రంథమాలలో రాతప్రతిని ఇద్దరు పరిశీలకులకు పంపుతారు. వాళ్ళెవరో మనకు తెలియదు, మనమెవరో వాళ్ళకు తెలియదు. మా ఇంటి సంగతంతా మొదటి పుటలోనే ఉన్న నా పుస్తకం విషయంలో ఈ రెండో మాట ఎట్లా సాధ్యమో నాకు అర్థం కాలేదు గానీ అడగలేదు. కొన్నాళ్ళకు సంపాదకురాలు రమ్మని కబురు చేసింది. మెహదీపట్నం బస్సెక్కి వెళ్ళాను. ఆమె గదిలో పుస్తకాల కట్టలు నేలమీద కూడా ఉన్నాయి. ఒక కుర్చీ ఖాళీ చేసి కూర్చోమని, నా మూడో అధ్యాయం తీసింది.

"దీనికి సాక్షులు ఎవరండీ?"

మా బాపు, మా తాత, మా మేనత్త అన్నాను.

"ముగ్గురూ తలుపుకు లోపలివాళ్ళే. బయట నిలబడి పాడినవాళ్ళు ఏమంటారు?"

"మా ఇంటి సంగతి మాకంటె బయటోళ్ళకు ఎక్కువ తెలుస్తదా మేడం?"

"అదే అడిగి రమ్మంటున్నాను."

ఆమె గొంతు పెంచలేదు. పరిశీలకులిద్దరూ ఇదే రాశారని చెప్పింది. ఈ అధ్యాయం ఇట్లాగే ఉంటే తీసేయాలి, ఇది తీసేస్తే మిగతాది పుస్తకం కాదు, కాబట్టి నిర్ణయం నాదేనన్నది. టీ తెప్పించింది. నేను టీ తాగి, నమస్కారం పెట్టి వచ్చేశాను. బస్సులో నాకు కోపంగా ఉంది. మా తాత మాటకు ఊళ్ళో ఎవరూ సాక్షిని అడిగేవారు కారు.

రాతప్రతిని అల్మారాలో పెట్టేశాను. కొన్ని వారాలు దాని జోలికి పోలేదు.

ఆ రోజుల్లోనే తమ్ముడు దర్వాజా సంగతి ఎత్తాడు. కనకమామిడిలో ఫాంహౌస్ కట్టుకున్న ఒకాయన పాత ఇళ్ళ టేకు సామాను వెతుకుతున్నాడట, మా దర్వాజాను కారులోంచి చూశాడట. రోడ్డు వెడల్పు చేస్తే మా ముందు గోడ ఎట్లాగూ పోతుందని తమ్ముడి లెక్క. వాడు అబద్ధం చెప్పడం లేదు. గోడ మీద కొలతల గుర్తులు అప్పటికే వేసి వెళ్ళారు.

"అన్నా, చెదలు వట్టకముందే ఇచ్చేద్దం. ఆయన పెండ్లిళ్లకు లాన్ కడ్తుండట, గేటు కాడ నిలవెడ్తడట. మంచిగనే చూసుకుంటడు" అన్నాడు.

పుస్తకం అట్ట మీదికి దర్వాజా ఫోటో కావాలి, ఆ పుస్తకం వచ్చేదాకా ఆగమన్నాను. తమ్ముడు నా మొహం చూసి ఒప్పుకున్నాడు. పుస్తకం వచ్చాక మళ్ళీ అడ్డు చెప్పనని నా దగ్గర మాట తీసుకున్నాడు. ఇచ్చాను. అప్పుడు నాకు తోచింది, పుస్తకం రాకపోతే దర్వాజా ఫోటో కూడా ఉండదని. తమ్ముడు ఎంతకాలం ఆగుతాడు?

మరునాడు పొద్దున సారు ఇంటికి వెళ్ళాను.

సారు నాకు మూడో తరగతి చెప్పాడు. హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు, చర్చిలో సంఘ పెద్ద. క్రిస్మస్ పాటల్లో కంజీర చాలా ఏళ్ళు ఆయన చేతిలోనే ఉండేది. వాళ్ళ వాడకు మా ఇంటివాళ్ళు వెళ్ళి కూర్చున్నది నాకు తెలిసి లేదు. పని ఉంటే వాడ మొదట్లో నిలబడి కబురు పంపేవాళ్ళం. నేను సారు ఇంటి ముందు నిలబడి పిలిచాను. ఆయన వాకిట్లో చిక్కుడు పందిరి సరిచేస్తున్నాడు. కుర్చీ బయట వేస్తాడనుకున్నాను.

"లోపటికి రా పటేలా. ఎండల కూసుంటె మాట నడువది" అన్నాడు.

లోపలికి వెళ్ళి కూర్చున్నాను. ఆయన కోడలు స్టీలు గ్లాసులో చాయ్ ఇచ్చింది. నేను వచ్చిన పని చెప్పాను. పుస్తకం సంగతి, గ్రంథమాల సంగతి, అధ్యాయం సంగతి. సారు శ్రద్ధగా విన్నాడు, చిన్నప్పుడు నేను ఎక్కాలు ఒప్పజెప్తుంటే విన్నట్టుగానే. జాగా ఇచ్చిన మేలుకు మొదటి పాట మా గడప ముందు పాడతారన్న దగ్గర ఆయన మీసాలు కదిలాయి.

"గట్లని ఎవరు చెప్పిన్రు?"

మా బాపు అన్నాను.

"మీ బాపు మంచోడు. ఆయనకు ఎవరు చెప్పిన్రు?"

 సారు చాయ్ గ్లాసు కింద పెట్టి, వాళ్ళ ఇంట్లో చెప్పుకునేది చెప్పాడు. మా ముత్తాత కాలంలో వీళ్ళు మొదటిసారి పండుగకు ఊరేగింపు పెట్టుకున్నారు. నడిబజారులో పాటలు వద్దని మా ముత్తాత కబురు పంపాడు. వీళ్ళ పెద్దమనుషులు కూడి మాట్లాడుకున్నారు. కొందరు ఈ ఏడాది మానుకుందామన్నారు. కొందరు చేన్ల వెనక సందులోంచి చప్పుడు లేకుండా వెళ్దామన్నారు. అప్పుడు సారు వాళ్ళ బాపమ్మ, ఆయన తండ్రి తల్లి, అప్పటికి ఇంకా వయసులో ఉన్న మనిషి, ఒక మాటన్నదట. ఆ మాట సారు ఆమె గొంతులాగే చెప్పాడు.

"ఎనక సందుకెల్లి పోతె దొంగలమైతం. ముందుగాల ఆయన దర్వాజ కాడ్నే పాడుదం. ఇంటడో, ఇనడో, ఆయన ఇష్టం."

అట్లా వచ్చి మా దర్వాజా ముందు నిలబడ్డారు. తలుపులు మూసి ఉన్నాయి. ఒక పాట పాడారు, తీయలేదు. తమకు వచ్చిన పాటలన్నీ పాడారు, తీయలేదు. ఎవరూ వచ్చి వెళ్ళగొట్టనూ లేదు. ఇంక పాటలు అయిపోయాయి కనుక అక్కడి నుంచి కదిలి నడిబజారు గుండానే వెళ్ళారు. మరుసటి ఏడు మళ్ళీ వచ్చి నిలబడ్డారు. ఈసారి మొదటి పాట అయిపోగానే తలుపు తీశారు.

"తీసింది మీ ముత్తాత గాదు. ఆయన పెండ్లాం. చేతుల చాట, చాటల పేలాలు. ఆయన ఎనక నిలవడ్డడు" అన్నాడు సారు.

జాగా మాటేమిటని అడిగాను. అది నిజమేనన్నాడు. అయితే అది ఆ తర్వాతి మాట.

"ఇచ్చిండు. ఊరవతల ఇచ్చిండు, పాట చెవుల వడకుంట" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, నేను రాసుకోవడానికి వీలుగా నెమ్మదిగా అన్నాడు. "మేం ఇయ్యాలకు గూడ మీ దర్వాజ కాడ్నే మొదలువెడ్తం. మీకు దండం వెట్టనీకి గాదు పటేలా. ఎనక సందుకెల్లి పోకుంట ఉండనీకి."

నేను లేచాను. వస్తానన్నాను. ఆయన గుమ్మం దాకా వచ్చాడు.

ఇంటికి వస్తూ దారిలోనే వాదన మొదలుపెట్టాను. సారు మాట కూడా ఒక ఇంటి మాటే. ఆయన సాక్షులు కూడా అందరూ తలుపుకు ఒకే పక్కన, బయటి పక్కన నిలబడ్డవాళ్ళే. మా మాట కొట్టేయడానికి పనికొచ్చిన తర్కం వాళ్ళ మాట కొట్టేయడానికీ పనికొస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి, తేల్చలేమని ముగించవచ్చు. గౌరవంగా ఉంటుంది. ఇద్దరికీ నష్టం లేదు. ఒక పుట రాశాను కూడా.

కానీ తలుపు అడ్డం వచ్చింది. మేలు మరవక వచ్చినవాళ్ళు వాకిట్లో పాడుతుంటే తలుపులు ఎందుకు మూస్తాం? బోనాలకు మా దర్వాజా బార్లా తెరిచి ఉండేది. పీర్లు వచ్చినప్పుడు తెరిచి ఉండేది. పెళ్ళిళ్ళకు సరేసరి. ఒక్క ఈ పాటకే మూసేవాళ్ళం. చిన్నప్పుడు బాపును అడిగితే, అది మన పద్ధతి అన్నాడు. చాట సంగతీ అంతే. మా ఇంట్లో బయటివాళ్ళకు ఏది ఇచ్చినా మగవాళ్ళ చేతి మీదుగానే ఇచ్చేది. ఒక్క ఈ పేలాలే అవ్వ చేతి మీదుగా, బాపు వెనక నిలబడగా. మా కథలో ఈ రెంటికీ చోటు లేదు. సారు కథలో ఉంది. ఎందుకు చేస్తున్నామో మేం ఎప్పుడో మరిచిపోయాం, చేయడం మాత్రం మానలేదు. ఇన్నేళ్ళు క్లాసులో నేను చెప్పింది ఇదే. టమాట గంప దగ్గర సులువుగా చెప్పాను.

తమ్ముడు వచ్చినప్పుడు అధ్యాయం మార్చబోతున్నానని చెప్పాను. మన ముత్తాత పాటలు వద్దన్నాడని మనమే రాసుకోవాలా అని అడుగుతాడనుకున్నాను. వాడు సెల్‌ఫోన్ చూసుకుంటూ, "రాయి అన్నా. గా పుస్తకం ఊరంత చదువుతరా ఏంది? ముగ్గురు చదువుతరు, అందుల నువ్వొకడివి" అన్నాడు. వాడికి మా ఇంటి పేరు మీద నాకున్నంత పట్టింపు లేదు, అందుకే వాడు సుఖంగా ఉన్నాడు.

అధ్యాయం మళ్ళీ రాశాను. మా మాట ముందు పెట్టాను, వాళ్ళ మాట తర్వాత పెట్టాను, ఏది నిలుస్తుందో తలుపునూ చాటనూ చూపించి చెప్పాను. ఎక్కడా క్షమాపణ లేదు, ఏడుపు లేదు. పాత కాలంలో ఎవరు ఏం చేశారో చెప్పడం వేరు, దానికి ఇప్పుడు మొహం ఎట్లా పెట్టాలన్నది వేరు. రెండోది చరిత్ర పని కాదు.

తన మాటను అచ్చు కాకముందు వినిపించమని సారు షరతు పెట్టాడు. వెళ్ళి చదివాను. వాళ్ళ బాపమ్మ గురించి రాసిన చోట ఆపమన్నాడు. నేను ఆ వాక్యంలో ధైర్యంగా నిలబడ్డారని రాశాను.

"ధైర్యం గిట్ల రాయకు. చలికి వణుకుకుంట నిలవడ్డరు. మా బాపమ్మ గదే చెప్పింది" అన్నాడు.

కొట్టేశాను. చివరిదాకా విని, ఇంకొకటి ఉందన్నాడు.

"మీ ముత్తాత లోపట కూసొని పాటలన్ని ఇన్నడు గద. మావోళ్లను ఎల్లగొట్టనీకి జవాన్లను తోలలే. గది గూడ రాయి. లేకుంటె సగమే రాసినట్టు."

అది రాశాను. ఆయన మా మీద దయతో అన్నాడో, లెక్క సరిగ్గా ఉండాలని అన్నాడో నేను తేల్చుకోలేదు. లెక్క సరిగ్గా ఉండాలనే అన్నాడనుకోవడం నాకు ఇష్టం. బయలుదేరుతుంటే ఈసారి క్రిస్మస్‌కు తలుపులు ముందే తెరిచి పెడతానన్నాను. ఆయన వద్దన్నాడు. పాడినంక తియ్యి, ఎప్పటిలెక్కనే, అన్నాడు.

కొత్త అధ్యాయం చదివి సంపాదకురాలు ఒక్క అక్షరం మార్చలేదు. మొదటి పుటను కూడా అట్లాగే ఉంచింది. మా ముత్తాత, ఆయన తండ్రి, తాత, బాపు, వాళ్ళ హోదాలు, అన్నీ ఉన్నాయి. అది నేను నిలబడ్డ చోటు, దాన్ని మార్చవలసిన అవసరం నాకు కనపడలేదు. చివర ఒక వాక్యం మాత్రం చేర్చాను. ఇక్కడ చెప్పిన వాళ్ళంతా తలుపుకు లోపల నిలబడినవాళ్ళు అని.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం తమ్ముడి భార్య మొయినాబాద్ నుంచి వచ్చింది. ఆ ఒక్క పనికి ఆమె ఏటా వస్తుంది. దుకాణంలో కొన్న పేలాలు చాటలో పోసింది, బెల్లం కొట్టింది. నేను తలుపులు మూసి గడియ పెట్టాను. వాళ్ళు వచ్చారు. ఇప్పుడు కంజీరతోపాటు బ్యాటరీ స్పీకరు కూడా ఉంది. పాట మొదలైంది. లోపల నిలబడి వినడం నాకు కొత్త కాదు. అయినా ఆ సాయంత్రం, పాట అయిపోయినా తలుపు తీయకపోతే ఎట్లా ఉంటుందో, రెండో పాట, మూడో పాట, వచ్చిన పాటలన్నీ అయిపోయేదాకా లోపల ఒక మనిషి కదలకుండా ఎట్లా కూర్చున్నాడో అనుకున్నాను. మా ముత్తాత మొండివాడని అందరూ చెప్పేవారు. నాకు ఆయన పోలిక ఉందని కూడా చెప్పేవారు.

పాట ఆగింది. గడియ తీశాను. మరదలు చాటతో ముందుకు నడిచింది. నేను వెనక నిలబడ్డాను. సారు పేలాలు గుప్పెడు తీసుకుని, నా వైపు చూసి తల ఊపాడు. నేనూ ఊపాను. వాళ్ళు బజారులోకి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత కొద్దిరోజులకు ప్రచురణ సంస్థ ఫోటో తీసే మనిషిని పంపింది. తలుపులు తెరిచి తీయమంటారా, మూసి తీయమంటారా అని అతను అడిగాడు. మూసి తీయమన్నాను. పుస్తకం వానలకు ముందే వచ్చింది. బూడిద రంగు అట్ట, మధ్యలో మూసిన దర్వాజా. ఇత్తడి బొడ్డులు స్పష్టంగా పడ్డాయి. నగరంలో గ్రంథాలయానికి వెళ్ళి ఆ వరుసలో దాన్ని చూసుకున్నాను. దస్తావేజు మీద రాసిన సంపుటానికీ, సాక్షి మీద రాసిన సంపుటానికీ పక్కన నిటారుగా నిలబడి ఉంది.

ఒక ప్రతి సారుకు ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని అట్ట చాలాసేపు చూశాడు.

"ఫోటోల మేం లేం అనుకోకు పటేలా. తీసినోడు యాడ నిలవడ్డడు? మేం నిలవడ్డ కాడ్నే" అన్నాడు.

నేను ఆ సంగతి అప్పటిదాకా గమనించలేదు. అప్పుడే దర్వాజా కనకమామిడికి పోబోతున్నదని కూడా ఆయనకు చెప్పాను, ఇంకొకరి నోట వినడం బాగుండదని. ఆయన పుస్తకం మూశాడు.

"అట్లయితె వచ్చే పండుగకు ఆడిదాంక నడువాల్నా మేం?" అన్నాడు. కోడలు లోపలినుంచి నవ్వింది. తర్వాత ఆయనే, గోడ ఉన్నన్నాళ్ళు గోడ ముందు పాడతాం, రోడ్డొస్తే రోడ్డు మీద పాడతాం, నువ్వైతే లోపట ఉండు, అన్నాడు. ఉంటానన్నాను.

పుస్తకం వచ్చింది కనుక తమ్ముడికిచ్చిన మాట తీర్చవలసి వచ్చింది. ఆ వానాకాలం మొదట్లోనే దర్వాజాను, తలుపులు, గడప, ఇత్తడి బొడ్డులతో సహా, కనకమామిడి ఫాంహౌస్ ఆయనకు అమ్మేశాము.